ప్రింటర్ దాచుకున్న ఉత్తరం

“చెత్త పేరుకుపోయింది సార్. అందుకే ప్రింటర్ మొరాయిస్తోంది,” అన్నాడు టెక్నీషియన్, మానిటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

“చెత్తేంటయ్యా, నిన్ననేగా దుమ్ము దులిపించాను!” అన్నాడు మేనేజరు.

“బయట కాదు సార్, లోపల. ఆఫీసులో ఎవరు ఏ కాగితం ప్రింట్ కొట్టినా, ముందు ప్రింటర్‌కి తగిలించిన ఈ కంప్యూటర్లో ఒక తాత్కాలిక ఫైలు తయారవుతుంది. కాగితం బయటికి రాగానే అది దానంతటదే పోవాలి. ఇక్కడ ఒక్కటీ పోలేదు. నాలుగు వేల పైచిలుకు ఉన్నాయి. ఎవరో సెట్టింగ్ మార్చారు.”

“ఎవరో ఏంటి, నేనే మార్చాను. ఆఫీసులో ఒక్క కాగితం కూడా నా కన్నుగప్పి పోకూడదని.” మార్చిన సంగతి మర్చిపోయిన మాట మాత్రం మేనేజరు చెప్పలేదు.

అది లిఫ్టులు బాగుచేసే కంపెనీకి బ్రాంచి ఆఫీసు. అయిదు కంప్యూటర్లకీ హాల్లో ఉన్న ఈ ప్రింటరే దిక్కు. మామూలు రోజైతే మేనేజరు ఈపాటికి టెక్నీషియన్‌కి కంప్యూటర్ల గురించి పాఠం మొదలుపెట్టేవాడే. ఇవాళ ఆ సరదా లేదు. హెడ్డాఫీసు నుంచి విచారణకి వచ్చిన అధికారి పొద్దున్నుంచీ ఆయన గదిలో, ఆయన కుర్చీలోనే తిష్ఠ వేశాడు.

కారణం ఒక ఆకాశరామన్న ఉత్తరం. సంతకం లేదు, చేతిరాత లేదు, నీటుగా ప్రింటు చేసిన ఒకే ఒక్క పేజీ. ‘మా మేనేజరుగారు రోజూ రెండింటి నుంచి మూడింటి దాకా గది తలుపేసుకుని గురకపెట్టి నిద్రపోతారు. ఆయన సంతకం లేనిదే మెకానిక్కు కదలకూడదు. మొన్న ఒక పెద్దాయన గంటసేపు లిఫ్టులో ఇరుక్కుపోయారు.’

చదవగానే మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. ఆ కోపంలోనే అధికారికి గుక్కతిప్పుకోకుండా స్టేట్‌మెంట్ రాసిచ్చాడు: రోజూ రెండింటి నుంచి మూడింటి దాకా తను గదిలోని కంప్యూటర్ ముందు కూర్చుని రిపోర్టులు చూస్తాడనీ, దాన్ని తను తప్ప ఇంకెవరూ ముట్టుకోరనీ, ఇదంతా తనంటే గిట్టనివాళ్ళ పన్నాగమనీ. నమ్మితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. అధికారి మొహం చూస్తే ఎటూ తేలలేదు.

“తీసేయమంటారా సార్?” టెక్నీషియన్ వేలు మౌసు మీద ఆగింది.

“తీసెయ్. ఆగాగు, అసలు వాటిలో ఏముంటుంది?”

“అన్నీ ఉంటాయి సార్. ఏం ప్రింట్ కొట్టారు, ఎప్పుడు కొట్టారు, ఏ కంప్యూటర్ నుంచి కొట్టారు...”

మేనేజరుకి ప్రాణం లేచొచ్చింది. హాలంతా ఒకసారి కలియజూశాడు. అకౌంటెంటు పెన్ను కింద పడేసుకున్నాడు. స్టోరు చూసే ఆయన గోడ గడియారంకేసి చూస్తూ కూర్చున్నాడు. టైపిస్టు మాత్రం లేచి దగ్గరికొచ్చింది.

“పాత చెత్తతో మనకెందుకు సార్? తీసేయమనండి. అందరికీ అదే మంచిది.”

“ఎవరికమ్మా మంచిది? నీకా?”

“మీ మంచికే చెప్తున్నాను సార్.”

“నా మంచి నేను చూసుకుంటాలే. నువ్వెళ్ళి కూర్చో!” దొంగ దొరికిందనే అనుకున్నాడు మేనేజరు. పదకొండేళ్ళుగా కూతురిలా చూసుకుంటే ఇదా చేసేది అని మనసు చివుక్కుమంది కూడా. ఆ వెంటనే గదిలోకి పరిగెత్తి, అధికారిని దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

“సార్, మీ కళ్ళముందే తేల్చేస్తాను. ఆ ఉత్తరం ప్రింటయింది ఇక్కడే అయితే రాసినవాళ్ళు మన చేతికి చిక్కినట్టే. వెతకవయ్యా!”

టెక్నీషియన్ వెతికాడు. పావుగంట పట్టింది. ఎవరూ కాఫీకి కూడా లేవలేదు. చివరికి తెర మీద ఉత్తరం ప్రత్యక్షమైంది. అధికారి తన చేతిలోని కాగితంతో అక్షరం అక్షరం పోల్చి చూశాడు.

“ఇదే. తేదీ?”

“పోయిన నెల పన్నెండు సార్. మధ్యాహ్నం రెండూ ఇరవై అయిదు.”

“ఆరోజు మీరేమైనా సెలవులో ఉన్నారా?” అధికారి మేనేజరుని అడిగాడు.

“సెలవా? గత మూడేళ్ళలో ఒక్క పూట పెట్టి ఎరగను సార్! రెండింటికి గదిలోకెళ్ళాక మూడింటి దాకా కంప్యూటర్ ముందునుంచి కదిలే ప్రసక్తే లేదు. కావాలంటే ఇంకోసారి రాసిస్తాను.”

“అవసరం లేదు. ఇదివరకే రాశారుగా.”

“అదీ సార్! అక్కడ నేను తలుపేసుకుని ఒళ్ళు హూనం చేసుకుంటుంటే, ఇక్కడ వీళ్ళ నిర్వాకం ఇదీ!” మేనేజరు గొంతు హాలంతా మోగింది. టైపిస్టు తల వంచుకుంది. “ఇప్పుడు చెప్పవయ్యా, అందరికీ వినపడేలా చెప్పు. ఎవరి కంప్యూటర్ నుంచి కొట్టారు?”

టెక్నీషియన్ తెర మీదికి వంగి ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“మీ గదిలోదే సార్.”