సగటు ఆలస్యం

ఆరేళ్ళ పగని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకొచ్చి ఆమె చీఫ్ గారి ఇంటి గంట నొక్కింది.

తలుపు తీసినావిడ ఆమెని చూసింది. సంచిని చూసింది. పక్కకి తప్పుకుంది.

చీఫ్ గారు హాల్లో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. రోడ్ల శాఖలోంచి రిటైరై నాలుగేళ్ళయినా ఆయన్ని అందరూ చీఫ్ గారనే అంటారు. ఆఫీసు వాళ్ళు, వీధిలో వాళ్ళు, ఇంట్లో వాళ్ళు కూడా. ఆయన వెనక గోడకి హైవే కూడలి ఫోటో, పైనుంచి తీసింది. బళ్ళు గుండ్రంగా తిరిగెళ్ళే నాలుగు లూపులు నాలుగు పూరేకుల్లా విచ్చుకుని ఉన్నాయి. ఆయన గీసిన డిజైనే. దానికి బహుమతి కూడా వచ్చింది.

ఆ రేకుల్లోనే ఆమె తమ్ముడి ప్రాణం పోయింది. బైకు జారి తలకి దెబ్బ తగిలింది. ఆసుపత్రి కూడలికి అవతల. అంబులెన్సు మూడో లూపులో ఇరుక్కుంది. లోపలికి వచ్చే బళ్ళూ బయటికి వెళ్ళే బళ్ళూ ఒకదానికొకటి అడ్డం. పదకొండు నిమిషాలు. "ఇంకో ఐదు నిమిషాలు ముందు తెచ్చుంటే," అన్నాడు డాక్టరు.

వారం తర్వాత ఆమె చీఫ్ గారిని నిలదీసింది.

"ట్రాఫిక్ అన్నాక ఆలస్యం ఉంటుంది," అన్నారాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆ ఒక్క మాట ఆమె కడుపులో నిప్పులా ఉండిపోయింది. బ్యాంకు ఉద్యోగం మానేసింది. మళ్ళీ కాలేజీలో చేరి, రోడ్ల మీది ట్రాఫిక్‌ని కంప్యూటర్లో నడిపించి చూసే చదువు చదివింది. పాత ఫైళ్ళు తవ్వింది. ఆ కూడలికి అప్పట్లో మూడు డిజైన్లు వచ్చాయని, మిగతా రెంటినీ చీఫ్ గారే ఒక్క వాక్యంతో కొట్టేశారని తెలిసింది. అర్జీల మీద అర్జీలు పెట్టి, కాళ్ళరిగేలా తిరిగి, తమ్ముడి చావు మీద విచారణ సంఘం వేయించింది.

రేపే విచారణ. ఈలోగా ఆయన ముఖం మాడిపోవడం తను ఒక్కతే చూడాలి. అందుకే వచ్చింది.

"కూర్చో అమ్మా," అన్నారు చీఫ్ గారు.

ఆమె కూర్చోలేదు. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి తెరిచింది. తెర మీద చిన్న చిన్న బళ్ళు చీమల్లా కదిలాయి.

"ఆ రోజు సాయంత్రం రద్దీనే మూడు డిజైన్ల మీదా నడిపాను. ఒక్కో బండికి సగటు ఆలస్యం చెప్తాను వినండి. సిగ్నళ్ళ డిజైనుకి అరవై ఒక్క సెకన్లు. వంతెన డిజైనుకి ముప్పై ఎనిమిది. మీదానికి నూట తొంభై నాలుగు."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ముప్పై సార్లు నడిపాను. ముప్పై సార్లూ మీరే ఓడిపోయారు. అంబులెన్సుని కూడా పెట్టాను. వంతెన డిజైనులో రెండున్నర నిమిషాల్లో దాటేసింది."

తలుపు తీసినావిడ మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ అంకెలు వినలేనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"లారీల వాటా ఎంత పెట్టావు?" అడిగారాయన.

"పదిహేడు శాతం. ఆ రోజు టోల్ గేటు దగ్గర లెక్కే."

"రోడ్డు?"

"పొడిగానే పెట్టాను. వాన లేదు కదా."

"లేదు," అన్నారు. "ఆ రోజు వాన లేదు."

ఆమె లోపల్లోపల నవ్వుకుంది. తప్పించుకోవడానికి సందు వెతుకుతున్నాడు. ఆయన ఏ సందులో దూరినా మూసెయ్యడానికి జవాబులు కంఠతా పట్టుకునే వచ్చింది.

ఆయన వేలు తెర మీద ఒకచోట ఆగింది.

"లూపులో వేగం నలభై పెట్టావు. అక్కడ బోర్డు మీద ముప్పై అని ఉంటుంది. మార్చి చూడు."

ఆమె మార్చింది. బళ్ళు మళ్ళీ కదిలాయి, ఇంకా నెమ్మదిగా. వరస లూపు దాటి హైవే మీదికి పాకింది. రెండు వందల ముప్పై ఒక్క సెకన్లు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నారాయన.

ఆమెకి ఒళ్ళు మండింది. ఓడిపోయేవాడు పెనుగులాడాలి. అరవాలి. ఆరేళ్ళు నూరుకున్న కత్తిని అవతలివాడే తీసుకుని, పదును చూసి, ఇంకాస్త నూరి చేతికిచ్చినట్టుంది.

విచారణ సంఘం వాళ్ళిచ్చిన ఖాళీ వాంగ్మూలం ఫారం తీసి ఆయన ముందు పడేసింది.

"ఇది నిజమని రాసివ్వండి. మీ చేత్తో. రేపు అందరి ముందూ చదువుతాను."

"చదువు."

"పరువు పోతుంది."

"పోనీ."

ఆయన కలం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. మూడు డిజైన్లు వచ్చాయనీ, వంతెన డిజైను మెరుగని అప్పుడే తెలుసనీ, తన గీత మీద మమకారంతో దాన్ని కొట్టేశాననీ రాశారు. సాకు ఒక్కటీ లేదు.

కింద గడులు ఒక్కొక్కటే నింపుకుంటూ వచ్చారు. పేరు. వయసు. చేసిన ఉద్యోగం.

'మృతుడితో సంబంధం' అన్న గడి దగ్గర మాత్రం చాలాసేపు ఆగి, చివరికి రాశారు: తండ్రి.