దొరకని డబ్బా

"కొనొద్దక్కా. నా మాట ఇను" అన్నాడు రోషన్ మళ్ళీ.

పుంగనూరులో గిరిబాబు అంగడి. మెర్లిన్ చేతిలో పసుప్పచ్చ రంగు జీపీఎస్ యంత్రం ఒకటి ఉంది, పాతకాలపు సెల్‌ఫోనంత లావుగా. ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మేసింది కాబట్టి ఉన్నవాటిల్లోకి అదే చవక. మెర్లిన్ దాన్ని కిందపెట్టడం లేదు.

"యాల వద్దంటాండావు? కారణం చెప్పు."

"ఫోను ఉండాది గదా. ఇది దండగ."

"నీ ఫోను ఆ కుప్పం గుట్ట మీద మ్యాపులో చుక్కను ఒక్కచోట నిలబెట్టిందా? ఈ బండ మీద నుంచి ఆ బండ మీదికి కోతి మాదిరి దూకతాది. అన్నిసార్లు ఎక్కి దిగితిని, డబ్బా దొరికిందా?"

గిరిబాబు మధ్యలో అందుకున్నాడు. "దీనికి టవరుతో పనే లేదమ్మా. నెత్తిన ఆకాశం కనిపిస్తే సాలు."

రోషన్ అతనివైపు కొరకొరా చూశాడు.

మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో మెర్లిన్ నర్సు, రోషన్ ఎక్స్‌రేలు తీస్తాడు. ఆమెకు ఈ ఆట నేర్పింది అతనే. జియోకాషింగ్ అంటారు. ఒకరు ఎక్కడో చిన్న డబ్బా దాచి, అది ఉన్న చోటును చూపించే అంకెలు నెట్లో పెడతారు. తక్కినవాళ్ళు ఆ అంకెలు పట్టుకుని వెతుక్కుంటూ పోతారు. కుప్పం పక్కన తన సొంతూరి గుట్ట మీద రోషన్ దాచిన డబ్బా ఇంతవరకూ ఎవరికీ చిక్కలేదు. దానికోసం బెంగళూరు నుంచి కూడా జనం రైలెక్కి వస్తున్నారు. పోయినసారి ఆ బండల్లో జారి మెర్లిన్ మోకాలు చీరుకుపోతే రోషనే కట్టు కట్టాడు. "దగ్గర దాకా వచ్చినావక్కా, ఇంకోసారి వస్తే దొరికిపోతాది" అని ధైర్యం చెప్పాడు.

"నాకు దొరికిపోతాదని భయమా నీకు?" అని నవ్వుతూ కొనేసింది మెర్లిన్. రోషన్ నవ్వలేదు.

అది సరిగ్గా పనిచేస్తుందో లేదో ముందు పుంగనూరులోనే చూసింది. ఊరి బయట మైలురాయి వెనక ఒక డబ్బా ఉన్నట్టు ఆమెకు తెలుసు. తెరమీది బాణం గుర్తు ఆమెను నేరుగా తీసుకుపోయి ఆ రాయి ముందర నిలబెట్టింది.

"ఇంక కుప్పమే!" అంది.

"ఈ పొద్దు వద్దక్కా. ఎండ మండిపోతాంది."

"నువ్వు రాకపోతే మాన్లే. నేను పోతాండా."

పలమనేరు మీదుగా పోయే కుప్పం బస్సు రాగానే ఎక్కేసింది.

గుట్ట మీద బాణం ఊగలేదు, తడబడలేదు. నెత్తినున్న పెద్ద బండ నడిమధ్యకు తీసుకుపోయి ఆగింది. రొట్టెలు కాల్చే పెనం మాదిరి నున్నటి బండ. ఒక పగులు లేదు, ఒక పొద లేదు. అగ్గిపెట్టె దాచడానికి కూడా చోటు లేదు. మెర్లిన్ చుట్టూ తిరిగి వచ్చింది. ఇంకో పక్కనుంచి ఎక్కి వచ్చింది. బాణం మళ్ళీ అక్కడికే తెచ్చింది. నెట్లో రోషన్ పెట్టిన అంకెలూ తెరమీది అంకెలూ ఒక్కటే.

డబ్బాను ఎవరో తీసేయడం కాదు. ఇక్కడ డబ్బా పెట్టడానికే వీల్లేదు.

ఆమె బండ మీద కూలబడింది. పోయినసారి పసిబిడ్డను వీపుకు కట్టుకుని ఈ గుట్ట ఎక్కిన ఒక బెంగళూరు అమ్మాయి గుర్తొచ్చింది. "బాగా వెతకండి మేడమ్, ఈడనే ఉండాది" అని కిందనుంచి కేకలేసిన రోషన్ గుర్తొచ్చాడు. తమ్ముడనుకుంది వాణ్ణి.  ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

ఫోన్ తీసింది. ఆట ఆడేవాళ్ళందరూ ఉండే గ్రూపులో రాసింది: "కుప్పం గుట్ట మీద డబ్బా లేదు. ఎప్పుడూ లేదు. రోషన్ మనల్ని మోసం చేసినాడు. ఇంకెవరూ రావొద్దండి."

జవాబులు టపటపా రాలాయి. రేపటి రైలు టిక్కెట్లు రద్దు చేసుకుంటున్నామని ఒకరు. చెప్పి మంచిపని చేశావని ఇంకొకరు.

రొప్పుతూ రోషన్ పైకి వచ్చాడు. ఆమె వెనకనే బైకు మీద వచ్చినట్టున్నాడు. చొక్కా అంతా చెమట.

"డబ్బా యాడ?" అంది మెర్లిన్.

అతను తల వంచుకున్నాడు.

"ఉండాదా, లేదా? నోరు తెరువు."

"లేదక్కా."

"నా మోకాలికి కట్టు కడతా గూడా అబద్ధం చెప్పినావే! నీకు చేతులెట్లా ఆడినాయప్పా?"

"డబ్బా దొరికిపోతే జనం రావడం మానేస్తారక్కా. దొరక్కపోతేనే మళ్ళీ మళ్ళీ వస్తారు."

"వస్తే నీకేం? మమ్మల్ని పిచ్చోళ్ళను చేసి సంబరపడేదానికా?"

"నిజం చెప్పింటే భయపడి ఒక్కరూ వచ్చుండరు."

"ఇంకమీద ఎవురొస్తారో సూడు!" ఫోన్ అతని మొహం ముందు పెట్టింది.

అతను చదివాడు. కిందికి జరుపుతూ జరుపుతూ చివరిదాకా చదివాడు. మొహం పాలిపోయింది.

"అందరికీ చెప్పేసినావా అక్కా?"

"చెప్పినా. బాగా చెప్పినా. ఇంక ఈ గుట్ట మొహం ఎవురూ సూడరు."

 రోషన్ బండ అంచుదాకా నడిచి, కింద తన ఊరి ఇళ్ళ వెనక కానుగచెట్ల నీడలో ఆగి ఉన్న లారీ వైపు చెయ్యి చూపించాడు.

"దొంగతనంగా గుట్టలు పేల్చి గ్రానైటు ఎత్తుకుపోయేవాళ్ళక్కా వాళ్ళు, ఫోన్లు పట్టుకోని ఫోటోలు తీసుకుంటా తిరిగే మీరంతా ఎప్పుడు రాకుండా పోతారా అని కాసుకోని ఉండారు."