పంపకాల పూట

కబురందిన మర్నాడే కపంబ్వే లారీ మాట్లాడుకుని మరీ తమ్ముడు కంగ్వా ఇంటికొచ్చాడు. వెంట చెల్లెలు మ్వాంసా, ఆమె కొడుకూ.

లోపలి గది గుమ్మంలో ఒక్క క్షణం నిలబడ్డారు. తలలు అడ్డంగా ఊపారు. ఇవతలికొచ్చి వరండాలో చాపమీద కూర్చున్నారు. ఎవరి కంటా తడి లేదు.

"ముందు అన్నం పెట్టమ్మాయ్. పొద్దుట్నుంచీ లారీలో కుదేలైపోయాం," అన్నాడు కపంబ్వే.

కంగ్వా భార్య కసుబా అప్పటికే గుమ్మడాకు ఈనెలు తీసి, దంచిన వేరుశనగపప్పు వేసి ఇఫిసాషి వండింది. కూరకుండా, మొక్కజొన్న ముద్దలూ తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది.

మ్వాంసా ఒక ముద్ద ముంచుకుని మొహం చిట్లించింది.

"ఇంత గుజ్జు చేశావేమే? పళ్ళూడినవాళ్ళెవరున్నారిక్కడ? ఉప్పు కూడా పడలేదు!"

"ఆయనకి ఇలా అయితేనే, వదినా..."

"ఇంకా ఆయన మాటెందుకులే," అంటూ మ్వాంసా మరో గరిటెడు వేసుకుంది.

తింటూనే మొదలెట్టారు.

"సైకిలు నాకు. చిన్నప్పుడు వాణ్ణి వీపున మోసినవాణ్ణి," అన్నాడు కపంబ్వే.

"కుట్టుమిషను మావాడికి. మేనమామ సొత్తు మేనల్లుడికి రావడం మన ఆచారం."

కసుబా చేతులు జోడించింది.

"మిషనొక్కటీ ఉంచండి వదినా. నాలుగు బట్టలు కుట్టుకుని బతుకుతాను."

"మీ పుట్టింటికి పోయి సూదితో కుట్టుకో. వస్తూ ఏం పట్టుకొచ్చావ్ గనక!"

"కాస్త మెల్లగా, వదినా..."

"ఎందుకే మెల్లగా? దొంగసొమ్మా? మా తమ్ముడిదేగా!"

రేడియో, మేకలు, వరండా మీది రేకులు కూడా లారీ ఎక్కాయి.

"మరి ఆ మంచం?" అన్నాడు కపంబ్వే.

"దాన్ని మాత్రం ముట్టుకోకండి బావగారూ!" కసుబా గొంతు మొదటిసారి లేచింది.

"సరే సరే. దానికి మళ్ళీ వస్తాంలే."

కుండ అడుగు కూడా వేలితో తుడిచి తిన్నారు. పోతూ పోతూ మ్వాంసా ఆ కుండనూ చంకనెట్టుకుంది.

లారీ దుమ్ము సద్దుమణిగింది. మిషను ఉన్నచోట మట్టినేల మీద నాలుగు గుంటలు, కాసిని రంగుదారాలు. కసుబా కూర్చుని ఆ దారప్పోగులు ఏరుకుంటోంది.

అప్పుడు లోపలి గదిలో మంచం మీంచి భర్త గొంతు సన్నగా వినిపించింది: "వెళ్ళారా మావాళ్ళు? నాకేమైనా మిగిల్చారా?"