ముందువైపు మెట్లు

పెద్ద వరద వచ్చి పోయిన నాలుగో ఏడు అది.

వీధి మొదట్లో ఉన్న పాత మేడకు కొత్త ముఖం పెట్టించాడు ఇంటాయన.

వరదలో ఆ మేడ మీదికెక్కే అతని తల్లి బతికింది. అప్పట్లో ఆమె పక్క సందులో అద్దెకుండేది. మేడ అమ్మకానికొచ్చిందని వినగానే "కొంటే అదే కొనరా" అంది. ఆ రోజు ఏం జరిగిందని అడిగితే మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది.

వీధిలో పాతవాళ్లెవరూ మిగల్లేదు. అంతా కొత్తగా వచ్చి చేరినవాళ్లే.

"ముందు ఈ మెట్లేంటి సార్? లాడ్జి అనుకుని గది ఖాళీ ఉందా అని అడుగుతారు" అన్నాడు డిజైనర్.

వీధిలోంచి నేరుగా డాబా మీదికి పోయే సిమెంటు మెట్లు కొట్టేశారు. ఆ చోట గోడంతా నల్లరాయి పలకలు అతికించారు. పైనుంచి కిందికి లైట్లు పెట్టారు. మెట్లు ఇంటి లోపలికి మారాయి.

పెద్దావిడకు కళ్లు సరిగా ఆనవు. వెనకగది దాటి ముందుకు రాదు. మెట్ల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ముసురు పట్టిన ఒక సాయంత్రం ఆ మనిషి వచ్చాడు.

ఇంటావిడ కిటికీలోంచి చూసింది. చెప్పుల్లేని కాళ్లు. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు. నడుం బాగా వంచి, చేతులు రెండూ వీపు వెనక కట్టేసినట్టు పెట్టుకుని, నల్లరాళ్ల ముందు నిలబడ్డాడు.

గాల్లోకి కాలెత్తాడు. ఆనడానికేమీ లేక కాలు కిందికి జారింది. మళ్లీ ఎత్తాడు.

ఆమె భర్తను పిలిచింది.

"ఏమండీ! ఎవడో గోడెక్కుతున్నాడు!"

"గోడెక్కడానికి వాడేమన్నా బల్లి అనుకున్నావా?"

"మీరొచ్చి చూడండి ముందు."

చూశాడు. గొడుగు పట్టుకుని బయటికెళ్లాడు.

"ఎవరు నువ్వు? ఏం కావాలి?"

"మెట్లేవి? నిరుడు కూడా ఉన్నాయిగా."

"మెట్లతో నీకేం పని?"

"పైకెక్కాలి కదా."

"ఎవరు?"

"అందరూ. నీళ్లొస్తున్నాయి."

వీధిలో నీళ్లు లేవు. సన్నని జల్లు, అంతే. ఇంటాయన మాత్రం వీధి చివరిదాకా ఒకసారి చూసి లోపలికి వచ్చేశాడు.

మర్నాడూ వచ్చాడు. అదే చోటు, అదే కాలెత్తడం.

"దొంగలు ముందు ఇలా ఒక పిచ్చివాణ్ణి పంపి ఇల్లు చూసుకుంటారట. ఎదురింటావిడ చెప్పింది" అంది ఇంటావిడ.

"ఎదురింటావిడ నోట మంచి మాట ఎప్పుడొచ్చింది గనక?"

అన్నాడే గానీ, వెళ్లి తలుపు గడియ ఇంకోసారి చూసుకున్నాడు.

"అత్తయ్యతో మాత్రం అనకండి. వాన చప్పుడుకే వణికిపోతుంది ఆవిడ."

"నాకా మాత్రం తెలీదా?"

ఇద్దరూ ఆ ఇంట్లో గుసగుసగానే భయపడ్డారు.

ఆ మరుసటి సాయంత్రం ఆమె పాల ప్యాకెట్ తీసుకుని గేటు తెరుస్తుంటే, ఆ మనిషి పక్కనే ఉన్నాడు. ఆమెను చూడగానే గబుక్కున వెనక్కి తిరిగి, వంగి, వీపు చూపించాడు.

"ఎక్కు తల్లీ. మెడ గట్టిగా పట్టుకో."

ఆమె కెవ్వుమంది.

ఇంటాయన పరుగెత్తుకొచ్చి ఒక్క తోపు తోశాడు. ఆ మనిషి నల్లరాళ్ల మీద పడ్డాడు. నుదురు చిట్లి, రక్తం రాళ్ల మీదుగా కారింది. కాలనీ కాపలావాళ్లు వ్యాన్ తెచ్చారు.

"ఎక్కడన్నా దూరంగా దించేసి రండయ్యా. మళ్లీ ఈ ఛాయలకి రాకూడదు."

వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే కూడా అతను ఏదో గొణుగుతూనే ఉన్నాడు. ఆ మాటలు ఇంటావిడ చెవిన పడ్డాయి.

లోపలికి వచ్చేసరికి పెద్దావిడ గోడ తడుముకుంటూ హాల్లోకి వచ్చి నిలబడి ఉంది.

"ఏంట్రా ఆ కేక?"

"ఏం లేదమ్మా. బొద్దింక."

"బొద్దింకని వ్యాన్‌లో తీసుకెళ్లారా? అమ్మాయ్, నువ్వు చెప్పు."

కోడలు దాచలేకపోయింది.

"ఎవడో అత్తయ్యా. మూడ్రోజుల్నించి వస్తున్నాడు. ఇవాళ నా ముందు వంగి, ఎక్కు తల్లీ అన్నాడు. తీసుకుపోతుంటే అదే మాట, 'ఇంకొక్కటే తల్లీ, ఇంకొక్కటే' అని..."

పెద్దావిడ తడుముకుని కుర్చీలో కూలబడింది.

"మెట్టు మెట్టుకీ అలాగే అన్నాడు" అంది.

"ఎవరమ్మా?"

"నీళ్లు నడుం దాకా వచ్చాయి. నా కాళ్లు ఆడలేదు. వీపున వేసుకుని ఎక్కించాడు. ఇంకొక్కటే తల్లీ అంటాడు, చూస్తే ఇంకో మెట్టుంటుంది. అంత అబద్ధాలకోరుని నేను చూళ్లేదు."

కొడుకు కుర్చీ పక్కన కూర్చున్నాడు.

"ఈ వీధి వీధంతా మోశాడురా. ఆఖరున తన భార్య కోసం దిగాడు. మళ్లీ పైకి రాలేదు. ఇద్దరూ పోయారనే ఇన్నాళ్లూ ఏడ్చాను."

కళ్లు తుడుచుకుని లేచింది.

"దూరం పోయుండడు. ముందు మెట్ల మీదే కూర్చునుంటాడు, చూసి లోపలికి తీసుకురా నాన్నా."

కొడుకూ కోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కాపలావాళ్లకు ఫోన్ చేశాడు. "వంతెన అవతల దించేశాం సార్. వానలో ఎటు పోయాడో చూళ్లేదు" అన్నారు. వంతెనకు అటూ ఇటూ తిరిగాడు. గొంతు పోయేదాకా పిలవాలనుకున్నాడు. ఏమని పిలవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే డిజైనర్ కొత్త ఇంటి ఫోటోలు తీయడానికి కెమెరాతో వచ్చేసరికి, ఇంటాయన గునపంతో నల్లరాళ్లు పెకలిస్తున్నాడు. ఊడిన చోటల్లా వెనకనున్న పాత గోడ మీద కొట్టేసిన మెట్ల గుర్తులు ఒకదాని మీద ఒకటి పైకి పోతూ కనబడుతున్నాయి.