పది టమాటాల తీసివేత

పిల్లల కళ్లు ఎక్కడ పెద్దవవుతాయో కనిపెట్టి, కథను అటు తిప్పేసే లెక్కల పుస్తకాలు ఇంటింటికీ వచ్చి రెండేళ్లయింది. ఈశ్వరి కూతురు మేదినికి మొదట్లో ఆ పుస్తకంలో రాజుగారు లడ్డూలు పంచేవారు. మేదిని ఆవలించింది. పుస్తకం పులిని తెచ్చింది. అప్పట్నుంచి రోజూ మేకల గొంతులు తెగుతున్నాయి, తీసివేతలు ఒక్కటీ తప్పు పోవడం లేదు.

రేపటి పరీక్షలో పుస్తకం ఉండదని బడి నుంచి కబురొచ్చింది. ఈశ్వరి దాన్ని మూసి అటక మీద పడేసి, వంటింట్లో పది టమాటాలు వరసగా పేర్చింది.

"పాపా, ఇందులో మూడు తీసేస్తే ఎన్ని మిగుల్తాయి?"

మేదిని వాటివైపు చూసింది. "వీటిని ఎవరు చంపుతారు?"

"ఎవరూ చంపరే. ఊరికే పక్కన పెడతాం."

"పక్కన పెడితే ఉన్నట్టే కదమ్మా. పదే!"

ఈశ్వరి మళ్లీ అడిగింది, బతిమాలింది, చివరికి వీపు మీద ఒక్కటిచ్చింది. పిల్ల ఏడుస్తూనే పచ్చడిబండ రెండు చేతులా ఎత్తి, ఒకదాని తర్వాత ఒకటి మూడు టమాటాలను మోదింది. రసమూ గింజలూ గోడంతా చిమ్మాయి.

"ఏడు!"

కొట్టబోయిన ఈశ్వరి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లెక్క సరిగ్గానే ఉంది. చెంప మీద పడ్డ రసం కొంగుతో తుడుచుకుని, మిగిలినవాటిలోంచి రెండింటిని తనే పిల్ల ముందుకు జరిపింది.

"సరే, ఇప్పుడు?"