నాలుగో మలుపు

కొండవాలు మీద ఏటా జంతువులకు బండ్ల పందెం జరిగేది. బండికి చక్రాలు తాటికాయలే. ఒక్కసారి వాలు దిగేసరికి అవి పగిలిపోతాయి. కొత్త జత కావాలంటే చెట్టెక్కి కోసే కోతికి దోసెడు వేరుశనగకాయలు ఇవ్వాలి.

పందికొక్కు కలుగు నిండా వేరుశనగకాయలే. పందెం నాటికి అది యాభై జతలు పగలగొట్టి, వాలంతా కంఠతా పట్టింది. ముంగిస దగ్గర ఉన్నది ఒక్కటే జత. సాధన చేస్తే పందేనికి చక్రాలు మిగలవని అది బండి ముట్టుకోలేదు.

తీరా పందెం రోజున, ఎన్నడూ దిగని వాలులో మూడు మలుపుల దాకా ముంగిసే ముందుంది. నాలుగో మలుపులో గడ్డి మాటున ఒక రాయి ఉంది. ముంగిస బండి దానికి తగిలి బోల్తా పడింది. రాయి సంగతి తెలిసిన పందికొక్కు పక్కనుంచి వెళ్లి గెలిచింది.

"కాయలున్నవాడిదే గెలుపు," అంది కాకి.

పందికొక్కు మనసు చివుక్కుమంది. పందెం పెద్ద అయిన తాబేలు దగ్గరికి వెళ్లింది. "నువ్వే చెప్పు తాతా, నేను కష్టపడలేదా? యాభైసార్లు దిగాను. ఒక పన్ను కూడా విరిగింది."

"పడ్డావు నాయనా, నేను చూశాను," అంది తాబేలు. "ముంగిసకు కష్టపడటానికి కూడా కాయలు లేవు."