కొమురమ్మ దాటిన మంచు తలుపు

ఊరి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని గుంతకు పైకప్పు వేసి, లోపల మంచుకొండను నిలబెట్టి ఏడేళ్ళయింది. బయట యాభై డిగ్రీల ఎండ. స్కీల మీద జారడానికి వచ్చినవాళ్ళకు బట్టలు తొడగడం కొమురమ్మ పని. ముందు పలుచటి ఉన్ని, దాని మీద తనంతట తానే వేడెక్కే కోటు, మోకాళ్ళ బరువు మోసే పట్టీలు, చివరికి బూట్లు. వేలమందిని లోపలికి పంపింది గాని, తానెప్పుడూ మంచులోకి పోయే తలుపు దాటలేదు.

ఆ రోజు డెబ్బై రెండేళ్ళ మల్లవ్వ వచ్చింది. ఒకప్పుడు ఆ గనిలోనే డంపర్ లారీ నడిపిన మనిషి. అన్నీ తొడిగించుకున్నాక తలుపు దగ్గర ఆగిపోయింది.

"భయమైతంది బిడ్డా. నువ్వు గూడ రా."

"మేం పోవద్దవ్వా, పనోళ్ళం."

"ముసలోళ్ళు ఒకర్ని తోడు తీస్కపోవచ్చని గోడ మీద రాసున్నది గదా! నువ్వే నా తోడు."

కొమురమ్మ గబగబా కోటు తొడుక్కుంది. ఆ తొందరలో, రోజూ అందరికీ బిగించే బూటు పట్టీని తన కాలికి బిగించుకోలేకపోయింది. మల్లవ్వే వంగి, చిన్నపిల్లకు తొడిగినట్టు తొడిగి, టోపీని చెవుల మీదికి లాగింది.

తలుపు తెరుచుకుంది. కనుచూపు మేర తెలుపు. చప్పుడు లేకుండా మంచు రాలుతోంది.

"గీ గుంతనేనా మేం తవ్వింది!" అంది మల్లవ్వ.

కొమురమ్మ ఊపిరి పొగలా ఎగిసింది. ఒక మంచు రేకు ఆమె చెంప మీద వాలి కరిగింది.

"అవ్వా, గింత మెత్తగుంటదా!" అని ఏడుస్తూనే నవ్వింది.

ఇద్దరూ చేతులు పట్టుకుని కిందికి జారారు.